గ్రేడింగ్ మెషిన్ వచ్చాక మా షెడ్‌లో ఎవరి పని మిగిలింది?

మామూలుగా ఇక్కడ ఘన జీవామృతం గురించో, పూతకు ముందు కొట్టే కషాయాల గురించో రాస్తుంటాను. ఈసారి విషయం వేరు. పైన ఉన్న వీడియో మా రెడ్డిగూడెం షెడ్‌లో మే నెలలో తీసింది. అందులో ఒక గ్రేడింగ్ మెషిన్ కనిపిస్తుంది. చిన్న రసాలు ఒక్కొక్కటీ కప్పులో పడి, బరువును బట్టి వేరువేరు ట్రేల్లోకి దొర్లిపోతుంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వీడియో చూసి చాలామంది ఫోన్ చేసి ధరెంత, ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. విస్సన్నపేట వైపు నుంచి ఒక పెద్దాయన మాత్రం వేరే మాట అడిగారు. "అంతకు ముందు ఆ కాయలు ఏరిన ఆడవాళ్లు ఏమయ్యారబ్బాయ్?"

ఆ రోజు ఆయనకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు సీజన్ అయిపోయింది, కాస్త తీరిక దొరికింది. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు ఏఐ, ఆటోమేషన్ వల్ల మన పిల్లల పనులు, మన పనులు ఎటు పోతున్నాయో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. కంప్యూటర్ నిపుణుడిని కాదు. కానీ పదేళ్లుగా తోట చేస్తూ, ఐదేళ్లుగా కాయలు బాక్సుల్లో నేరుగా ఇళ్లకు పంపుతూ చూసింది కొంత ఉంది.

షెడ్‌లో జరిగింది ఇదీ

మా షెడ్‌లో సీజన్‌లో ఆరుగురు అక్కలు పని చేసేవాళ్లు. కోసిన కాయ రాగానే సొన కారనిచ్చి, తుడిచి, సైజు వారీగా ఏరి, వరిగడ్డిలో పరుస్తారు. ముగ్గిన కాయని మళ్లీ ఏరి బాక్సులో సర్దుతారు. ఆర్డర్లు పెరిగే కొద్దీ ఏరడం దగ్గర ఆలస్యం అయ్యేది. అందుకని ఈ సీజన్‌కి బరువు చూసి వేరు చేసే మెషిన్ ఒకటి అద్దెకు తెచ్చాను. ఆరుగురు మూడు రోజులు చేసే గ్రేడింగ్ పని ఒక్క రోజులో అయిపోయింది. సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు. మర్నాడు ముగ్గురే చాలన్నాను.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "కాయ పెద్దదే గానీ ముగ్గలేదండీ, ముడతలు పడిపోయింది." "పైకి పండు, లోపల పులుపు." ఒకరిద్దరైతే సరే అనుకునేవాణ్ణి. ఆ వారం వెళ్లిన బాక్సుల్లో ఇలాంటివి ఎక్కువే తేలాయి. డబ్బులు వెనక్కి ఇచ్చాను, మళ్లీ బాక్సులు పంపాను.

ఎక్కడ తప్పు జరిగిందో చూస్తే విషయం చాలా చిన్నది. మెషిన్‌కి బరువే తెలుసు. అక్కలు బరువు ఒక్కటే చూసేవాళ్లు కాదు. కాయ చేతిలోకి తీసుకోగానే భుజాలు నిండాయా లేదా, తొడిమ దగ్గర గుంట పడిందా లేదా, రంగు లేత ఆకుపచ్చ నుంచి తిరుగుతోందా అని చూసి, ముదరని కాయని మాట్లాడకుండా పక్కన పడేసేవాళ్లు. ఇది పరీక్షించే పద్ధతి పుస్తకాల్లో కూడా ఉంది. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది, ముదరనిది తేలుతుంది. అక్కలకి ఆ నీళ్ల తొట్టి కూడా అక్కర్లేదు. వాళ్లు ఆ పని చేస్తున్నారని నాకే తెలియదు. నేను వాళ్లకి కూలి ఇస్తున్నది సైజు ఏరినందుకనే అనుకున్నాను.

పరిగెత్తుకుని మిగతా ముగ్గురి కోసం వెళ్లాను. ఒకామె వచ్చింది. ఇద్దరు అప్పటికే వేరే తోటకి ఒప్పుకున్నారు. అందులో ఒక అక్క అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "మెషిన్ తెస్తున్నానని ముందే ఒక మాట చెప్పుంటే సరిపోయేది తమ్ముడూ. పొద్దున్నే సద్ది కట్టుకుని వచ్చాక ఇంటికి పొమ్మన్నావు." దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇది మొదటిసారేం కాదు

మనలో నలభై దాటిన వాళ్లకి గుర్తుంటుంది. ఊరి సెంటర్‌లో ఎస్టీడీ బూత్ ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైతే ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లు. ఫోటో స్టూడియోలో ఫిల్మ్ కడిగే కుర్రాడు ఉండేవాడు. ఇప్పుడు ఆ మూడూ దాదాపు లేవు. పొలంలో చూస్తే నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. వరి కోతకి ముఠాలు పోయి మెషిన్ వచ్చింది. వీపున మోసే చేతి పంపు పోయి తైవాన్ స్ప్రేయర్ వచ్చింది. ప్రతిసారీ కొన్ని పనులు పోయాయి, కొన్ని కొత్తవి పుట్టాయి. అయితే పోయిన పని చేసిన మనిషికే కొత్త పని దొరికిందా అంటే, చాలాసార్లు లేదు. ఎస్టీడీ బూత్ మూసేసిన వాళ్లందరూ సెల్ షాపు పెట్టలేదు కదా.

ఈసారి తేడా ఒకటుంది. ఇన్నాళ్లూ మెషిన్ ఒంటి పనిని తీసుకుంది. ఇప్పుడు ఏఐ కూర్చుని చేసే పనిని కూడా తీసుకుంటోంది. టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీ 2025 జులైలో తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గిస్తానని చెప్పింది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. మొదటి విడతలోనే 161 సేవలు పెట్టారు. రైతుకి అది సుఖమే, తిరిగే పని తప్పుతుంది. అయితే నెట్ సెంటర్‌లో కూర్చుని దరఖాస్తులు నింపే మా స్నేహితుడు మాత్రం "మన గిరాకీ అంతా ఫోన్‌లోకి పోతోంది బాసూ" అంటున్నాడు.

ప్రపంచ స్థాయిలో ఏమంటున్నారో కూడా చూద్దాం. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2030 నాటికి 9 కోట్ల 20 లక్షల ఉద్యోగాలు పోతాయి, 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయి. వేగంగా తగ్గే వాటిలో క్యాషియర్లు, డేటా ఎంట్రీ వాళ్లు, బ్యాంకు కౌంటర్ క్లర్కులు ఉన్నారు. సంఖ్యలో అన్నిటికన్నా ఎక్కువగా పెరిగే పని ఏమిటో తెలుసా? వ్యవసాయ పనివాళ్లు. నేను రెండుసార్లు చదివాను నమ్మకం లేక. కానీ మిత్రులారా, పని పెరగడం వేరు, కూలి పెరగడం వేరు. ఆ లెక్క చూసి మురిసిపోతే లాభం లేదు. ఆ పనిలో ఎవరికి విలువ దొరుకుతుందన్నదే మనం చూసుకోవాలి.

మన నేల మీద ఏఐ ఇప్పటికే చేసింది

ఏఐ అంటే ఎక్కడో అమెరికాలో రోబోలు అనుకోవద్దు. 2016 ఖరీఫ్‌లోనే కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, రాష్ట్ర ప్రభుత్వంతో ఒక ప్రయత్నం చేశాయి. 175 మంది వేరుశనగ రైతులకి ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్ పంపారు. ఏళ్ల తరబడి పడిన వానల లెక్కలు, నేలలో తేమ లెక్కలు కంప్యూటర్‌కి ఇచ్చి, అది చెప్పిన తేదీని పంపారు. స్మార్ట్ ఫోన్ కూడా అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. తొలకరి పడగానే విత్తేసే అలవాటు ఉన్నచోట "ఆగండి, ఇంకా టైముంది" అని చెప్పింది అది. మాట విన్న రైతులకి సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ వాళ్లు ప్రకటించారు.

రెండోది మా పక్కనే. తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా. అక్కడ తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం కలిసి సాగు బాగు అనే కార్యక్రమం పెట్టాయి. డిజిటల్ గ్రీన్ సంస్థ నడిపించింది. 7,000 మంది మిర్చి రైతులకి ఏఐ సలహాలు, మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, అమ్మకం సాయం ఇచ్చారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగింది. పురుగుమందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గింది. ధర 8 శాతం మెరుగుపడింది. ఇవి వాళ్లు ప్రకటించిన లెక్కలు.

ప్రకృతి సాగు చేసే మనకి పురుగుమందు 9 శాతం తగ్గిందంటే చిన్న మాట అనిపించొచ్చు. నూటికి నూరు మానేసిన వాళ్లం మనం. కానీ ఒకటి గమనించండి. రెండు చోట్లా ఏఐ రైతుని తీసేయలేదు. దేవనకొండలో విత్తే తేదీ చెప్పింది, విత్తింది రైతే. సలహా ఇచ్చే పని, నాణ్యత చూసే పని, లెక్క కట్టే పని మాత్రం మారాయి. అంటే మార్పు ముందు తగిలేది నాలాంటి డిప్లొమా వాళ్లకి. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు నాతో చదివిన వాళ్లు చాలామంది గ్రామ వ్యవసాయ సహాయకులుగా చేరారు. వాళ్ల టైము సగం పంట నమోదుకి, ఫోటోలు ఎక్కించడానికే పోతోంది. రేపు ఆ పని ఉపగ్రహమో, డ్రోనో చేస్తే వాళ్ల చేతిలో ఏం మిగలాలి? రైతు పక్కన నిలబడి చెట్టు చూసి చెప్పగలగడం మిగలాలి. అది రాని వాళ్లకి ఇబ్బందే.

ఆకు నల్లబడింది, ఫోన్ ఏమంది?

చెట్టు చూసి చెప్పడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ. ఫిబ్రవరిలో మా తోటలో నాలుగు బంగినపల్లి చెట్ల ఆకులు నల్లగా మసి పూసినట్టు అయ్యాయి. మా మేనల్లుడు వెంటనే ఫోటో తీసి ఫోన్‌లో ఒక యాప్‌కి పెట్టాడు. రెండు సెకన్లలో జవాబు. మసి తెగులు, ఇది శిలీంధ్రం, ఫలానా శిలీంధ్ర నాశిని లీటరుకి ఇంత కలిపి కొట్టండి. పేరు కరెక్టే. మందు మాత్రం దండగ.

మా దగ్గర మందు గన్ కొట్టే బాబాయ్ ఒకాయన ఉన్నారు. చదువు లేదు. ఆకు తుంచి రెండు వేళ్ల మధ్య నలిపి, "జిగురుందిరా, పైన తేనె మంచు పురుగు ఉంది" అన్నారు. అదీ అసలు సంగతి. తేనె మంచు పురుగు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద మసి పెరుగుతుంది. పురుగుని ఆపకుండా మసిని కడిగితే మళ్లీ వస్తుంది. మేం పురుగుకి వేప కషాయం కొట్టాం, మసికి పలచటి గంజి కొట్టాం. గంజి ఎండి పొరలుగా ఊడినప్పుడు మసి కూడా దాంతో రాలిపోతుంది.

తర్వాత మావాడు అదే యాప్‌లో మళ్లీ అడిగాడు. ఈసారి "ఆకు జిగురుగా ఉంది, పూత మీద చిన్న పురుగులు ఎగురుతున్నాయి, రసాయనాలు వాడం" అని రాశాడు. ఈసారి జవాబు బాగానే వచ్చింది. తేనె మంచు అంది, వేప అంది. అంటే దానికి తెలియక కాదు. ఫోటోలో జిగురు కనపడదు. జిగురు ఉందో లేదో పట్టి చూడాలని మనకి తెలిస్తేనే అది మనకి పనికొస్తుంది. తెలియని వాడికి తప్పు మందు చెబుతుంది, అదీ మంచి తెలుగులో, చాలా ధైర్యంగా చెబుతుంది.

ఇంకో మాట కూడా ఉంది. ఏఐ నేర్చుకునేది రాసి పెట్టిన వాటి నుంచే. రసాయన సాగు మీద యాభై ఏళ్ల పుస్తకాలు, కంపెనీ కరపత్రాలు, డోసుల పట్టికలు ఉన్నాయి. మన ప్రకృతి సాగు అనుభవం ఎక్కడుంది? బాబాయ్ వేళ్లలో ఉంది, మీటింగుల్లో మాటల్లో ఉంది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఈ సాగుని ఊరూరా తీసుకెళ్లింది ముఖ్యంగా రైతు నుంచి రైతుకి, మహిళా సంఘాల ద్వారా. 2024లో దీనికి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఏ చెట్టుకి ఏ కషాయం ఎప్పుడు కొడితే ఏమైందో తారీఖు వేసి రాసిన డైరీలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? మనం రాయకపోతే దానికి తెలియదు. దానికి తెలియకపోతే రేపు మన పిల్లలకి కూడా మందు డబ్బా పేరే చెబుతుంది. కాబట్టి రాసి పెట్టడం, వీడియో తీసి పెట్టడం కూడా ఇకపై ఒక పనే. మంచి పని.

డ్రోన్ దగ్గర నిజం ఎంత?

డ్రోన్ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం ఇచ్చింది. దేశం మొత్తం మీద 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం, 1,261 కోట్లు కేటాయింపు. డ్రోన్, దాని సామాను ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయం. సంఘంలో ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఇస్తారు. అందులో 5 రోజులు పైలట్ శిక్షణ, 10 రోజులు పొలంలో మందు కొట్టడం మీద. మామూలుగా డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, డీజీసీఏ గుర్తించిన కేంద్రంలో శిక్షణ తీసుకోవాలి. పదో తరగతి చాలు అన్నది గమనించండి. ఇంటర్ ఫెయిలయ్యానని ఇంట్లో కూర్చున్న పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు!

వరిలో, మినుములో, మిర్చిలో డ్రోన్ బ్రహ్మాండం. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం పది నిమిషాల్లోపే అయిపోతుంది. మామిడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిరకాసు ఉంది. మా తోటలు పాతవి, ఎకరానికి నలభై చెట్లు, ఒక్కోటి రెండంతస్తుల ఎత్తు. డ్రోన్ పైనుంచి కొడితే పై కొమ్మలు తడుస్తాయి, లోపలికి దిగదు. తేనె మంచు పురుగు ఎక్కడ దాక్కుంటుంది? పూత లేని రోజుల్లో మొదలు బెరడు పగుళ్లలో, లోపలి గుబురులో. అక్కడికి గన్ పట్టుకున్న మనిషి వెళ్లాల్సిందే. ఇక జీవామృతం సంగతి. ఎకరానికి 200 లీటర్ల లెక్కన చేసేది, పది లీటర్ల ట్యాంకులో ఎలా సరిపెడతాం? పైగా పేడ, పప్పు పిండి ఉన్న ద్రావణం. ఎంత వడకట్టినా నాజిల్ పూడుకుపోతుంది. మేం నాలుగు పొరల గుడ్డలో వడకట్టి చూశాం, మూడో చెట్టు దగ్గర ఆగిపోయింది. వీడియోలో చివర్లో ఉంటుంది, నవ్వుకోండి.

కాబట్టి మామిడిలో పని రెండుగా చీలుతుందని నా అంచనా. పై గుబురుకి పలచటి కషాయాలు కొట్టడం డ్రోన్‌కి పోతుంది. మొదలు, లోపలి కొమ్మలు, నేలకి పోసే ద్రావణాలు మనిషి దగ్గరే ఉంటాయి. కొత్తగా దగ్గర దగ్గరగా వేసి, కొమ్మలు కత్తిరించి పొట్టిగా ఉంచే తోటల్లో మాత్రం మెషిన్ వాటా బాగా పెరుగుతుంది. కోత కూడా అంతే. చిక్కం కట్టిన గెడతో, తొడిమ ఉండేలా, కాయ కింద పడకుండా, సొన అంటకుండా కోసే మనిషికి ఈ పాత చెట్ల మీద ఇప్పట్లో పోటీ లేదు. ఆ మనుషులే దొరకడం లేదన్నది అసలు ఇబ్బంది.

లెక్క ఎవరి చేతిలో ఉంటుంది?

మన నూజివీడు, రెడ్డిగూడెం, ఆగిరిపల్లి వైపు తోటలు పూత మీదే అమ్మేసుకునే అలవాటు ఎక్కువ. వ్యాపారి వస్తాడు, తోటంతా ఒక చుట్టు తిరుగుతాడు, పూత చూసి ఎన్ని టన్నులు దిగుతుందో మనసులో లెక్క వేసుకుంటాడు. ధర చెబుతాడు. మన లెక్క కన్నా ఆయన లెక్కే ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆయన వంద తోటలు చూస్తాడు, మనం ఒకటే చూస్తాం.

రేపు ఈ లెక్క కెమెరా వేస్తుంది. పూతలో, పిందెలో ఫోటోలు తీసి కాయలు లెక్కపెట్టే పద్ధతుల మీద పరిశోధనలు చాలా చోట్ల జరుగుతున్నాయి. ఆ లెక్క వ్యాపారి ఫోన్‌లోనే ఉంటే మన పరిస్థితి ఇప్పటికన్నా హీనం. రైతు సంఘం చేతిలో కూడా ఉంటే బేరం సమానం అవుతుంది. ఇక్కడే చదువుకున్న కుర్రాళ్లకి పని కనపడుతోంది నాకు. ఊరి తోటల లెక్క తీసి రైతుకి ఇచ్చేవాడు, సంఘం తరఫున బేరం మాట్లాడేవాడు కావాలి.

అయితే లెక్క తెలిస్తే ధర వచ్చేస్తుందనీ అనుకోవద్దు. మనవైపు కలెక్టర్ కాయ అంటామే, ఆ తోతాపురికి 2025లో చిత్తూరు వైపు ధర పడిపోతే, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. కాయ లేక కాదు, లెక్క తెలియక కాదు. కొనేవాళ్లు తక్కువ, కాయ ఎక్కువ. ఏ ఏఐ కూడా ఆ రోజు గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిపించలేదు.

మా మేనల్లుడి సంగతి

మావాడు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాడు. క్యాంపస్‌లో రాలేదు. హైదరాబాద్‌లో ఏడాది తిరిగాడు. ఈ సీజన్‌లో నా దగ్గరికి వచ్చాడు. మా అక్క ఫోన్ చేసి ఒకటే మాట, "వాడికి తోట పని అలవాటు చెయ్యకురా, పెళ్లి కాదు." వాడేమో ఒకరోజు రాత్రి షెడ్‌లో గడ్డి సర్దుతూ, "మావయ్యా, నేను నాలుగేళ్లు నేర్చుకున్న కోడింగ్ ఇప్పుడు మెషినే రాసేస్తోంది. ఇంక నేనెందుకు?" అన్నాడు.

వాడికి అప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. పని చెప్పాను. మనకి ఆర్డర్లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా వస్తాయి. వాటిని విని, పేరు, ఊరు, ఏ రకం, ఎన్ని బాక్సులో పట్టికలో వేసేలా ఏఐతో ఒకటి తయారు చెయ్యమన్నాను. నాలుగు రోజుల్లో చేశాడు. అది పెద్ద రసం అడిగిన చోట చిన్న రసం రాసేది, చెరుకు రసం అంటే చెరుకు అనుకునేది. వాడు కూడా మొదట పట్టుకోలేదు, ఎందుకంటే వాడికే ఆ మూడింటికీ తేడా తెలియదు. నాలుగు రోజులు అక్కల పక్కన కూర్చుని కాయలు ఏరాడు. తర్వాత తప్పులు దాదాపు పోయాయి. రోజుకి మూడు గంటల పని మిగిలింది నాకు.

వాడికి కనపడింది, నాకూ కనపడింది ఒకటే. కోడింగ్ ఒక్కటే తెలిసిన వాళ్లు లక్షల్లో ఉన్నారు, ఆ పని మెషిన్ కూడా చేస్తోంది. మామిడి ఒక్కటే తెలిసిన వాళ్లు మన ఊళ్లో వందల్లో ఉన్నారు, వాళ్ల మాట బయటికి వినపడటం లేదు. రెండూ కొంచెం కొంచెం తెలిసినవాడు మండలానికి ఒకడు కూడా లేడు. పక్కనే నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి సర్కారు బడి పిల్లలు వేలమంది అక్కడ చదువుతున్నారు, సగం మంది రైతుల పిల్లలే అయ్యుంటారు. వాళ్లలో పదిమంది సెలవుల్లో మన తోటలకి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. గూగుల్ వాళ్లు 2025 అక్టోబర్‌లో విశాఖలో ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించారు. మంచిదే. కానీ రెడ్డిగూడెం కుర్రాళ్లందరికీ విశాఖలో కుర్చీ ఉండదు.

మావాడు సెప్టెంబర్ దాకా ఇక్కడే ఉంటానన్నాడు. తర్వాత ఏమో, చూడాలి. మా అక్క ఇంకా కోపంగానే ఉంది.

మేం చేసుకున్న మార్పులు

మళ్లీ షెడ్ దగ్గరికి వస్తాను. సీజన్ మధ్యలో మేం పని ఇలా మార్చుకున్నాం.

మెషిన్ ముందు ఇద్దరు అక్కలు కూర్చున్నారు. వాళ్ల పని ముదురు చూడటం ఒక్కటే. వాళ్లు సరే అన్న కాయే మెషిన్ ఎక్కుతుంది. ఇది నైపుణ్యం ఉన్న పని కాబట్టి రోజు కూలి పెంచాం. ముగ్గకుండా ముడతపడ్డ కాయల గొడవ దాదాపు ఆగిపోయింది.

ఒక అక్క మెషిన్ నడపడం నేర్చుకుంది. బెల్టు ఆగితే ఎక్కడ కాయ ఇరుక్కుందో మాకన్నా ముందు ఆమే చెబుతుంది. ఇంకొక అక్క ద్రావణాల తయారీకి మారింది. పక్క తోటల వాళ్లు కూడా వచ్చి నీమాస్త్రం, దశపర్ణి కషాయం కొనుక్కెళ్తున్నారు, కాబట్టి సీజన్ అయ్యాక కూడా ఆమెకి పని ఉంటోంది.

ఆరుగురిలో నలుగురికి పని నిలబడింది. ఇద్దరు పోయారు. ఈ లెక్క నేను దాచను. మెషిన్ వల్ల అందరికీ మేలు జరిగిందని వీడియోలో చెప్పడం తేలిక, కానీ అది అబద్ధం అవుతుంది.

మీలో ఎవరైనా మెషిన్ తేవాలనుకుంటే నా అనుభవంతో నాలుగు మాటలు:

ఒకటి, తెచ్చే ముందు పని చేసేవాళ్లకి చెప్పండి. కనీసం ఒక సీజన్ ముందు. వాళ్లు వేరే దారి చూసుకోవడానికి టైము ఉంటుంది.

రెండు, వాళ్లు నిజంగా ఏం పని చేస్తున్నారో రెండు రోజులు పక్కన కూర్చుని చూడండి. మనం కూలి ఇచ్చే పని ఒకటి, వాళ్లు చేసే పని ఇంకొకటి అయ్యుండొచ్చు. మెషిన్ మొదటిదే చేస్తుంది.

మూడు, మెషిన్ ఒక్కరి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద, వీలైతే మహిళా సంఘం పేరు మీద కొనండి. పని పోయినవాళ్లకే అద్దె రాబడి వస్తే సగం గొడవ తీరుతుంది. మేం వచ్చే సీజన్‌కి అద్దె మాని అలా కొనాలని మాట్లాడుకుంటున్నాం. ఇంకా ఖాయం కాలేదు.

నాలుగు, ఫోన్ చెప్పిన మందు కొట్టే ముందు ఆకు వేళ్లతో నలిపి చూడండి. పిల్లలకి కూడా నలపడం నేర్పండి.

విస్సన్నపేట పెద్దాయనకి నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "వెళ్లిపోయిన ఆ ఇద్దరినీ వచ్చే ఏడాది ముందుగా పిలువు, తర్వాతే మెషిన్ స్విచ్ వెయ్యి" అన్నారు. ఉగాది లోపు వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పి రావాలి. వస్తారో రారో వాళ్లిష్టం.

వచ్చే వీడియోలో వర్షాకాలంలో చెట్టు చుట్టూ నవధాన్యాలు చల్లే పద్ధతి చూపిస్తాను. ఉంటాను మరి.